పీఎస్2 చివరి మోడల్: చిప్ వద్దు, ఒక డీవీడీ, ఒక లాన్ వైరు చాలు

ఉద్దానం వైపు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల ఇంట్లో అటక మీద పాత పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ కన్సోల్) ఉంటే, చిప్ అతికించకుండానే దాని మీద సోనీవి కాని ప్రోగ్రాములు, పీసీలో దాచిన ఆటలు నడపొచ్చు. కానీ దించగానే ప్లగ్ పెట్టేయకండి. ముందు తిరగేసి కింద చీటీ చదవండి. సన్న మోడల్ అయి, అడాప్టర్ పెట్టె విడిగా లేకుండా కరెంటు వైరు నేరుగా వెనక్కి దిగితే అది 90000 సిరీస్ స్లిమ్. పవర్ సప్లై లోపలే ఉంటుంది. మోడల్ నంబరు చివర 4 గానీ 6 గానీ ఉంటే 220–240 వోల్టులది, భయం లేదు. 1 ఉంటే అమెరికాది, 0 ఉంటే జపాన్‌ది. వాటిని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే బేగి కాలిపోతుంది. అమెరికాదైతే 120కి, జపాన్‌దైతే 100కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే.

అదే చీటీ మీద డేట్ కోడ్ కూడా ఉంటుంది. అంకె సంవత్సరం, అక్షరం ఆ ఏడాదిలో మూడు నెలల భాగం. 8సీ అంటే 2008లో మూడోది. అక్కడి నుంచి బయోస్ (ఆన్ చేయగానే నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) 2.30 వచ్చింది. మెమరీ కార్డు మీద ఉన్న అప్‌డేట్‌ను ఆన్ చేయగానే నడిపే సౌకర్యాన్ని సోనీ అందులో తీసేసింది. మెమరీ కార్డు నుంచి సొంత ప్రోగ్రాములు నడిపే ఫ్రీ ఎంసీబూట్ బతికేదే ఆ సౌకర్యం మీద. ఆన్‌లైన్‌లో ‘ఫ్రీ ఎంసీబూట్ వేసిన కార్డు’ అని కొని, పెట్టి, ఏటీ రాలేదని కన్సోల్‌ని తిట్టేది ఇందుకే. 8సీ, ఆ తర్వాతవైతే ఆ కార్డు కొనకండి. మోడ్‌చిప్, అంటే బోర్డు మీద అతికే అదనపు చిప్, అయితే ఇంకా వద్దు. సన్న వైర్లు టంకం వేయబోయి బోర్డు ట్రాక్ లేపేసుకోవడం తప్ప, ఈ రోజుల్లో దానివల్ల అదనంగా వచ్చేదేమీ లేదు.

దారి ఫ్రీడీవీడీబూట్. 2020 జూన్‌లో వచ్చింది. పీఎస్2 లోపలి డీవీడీ ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపాన్ని పట్టుకుని, మామూలు డిస్క్ నుంచే మన ప్రోగ్రామ్‌ని నడిపిస్తుంది. డిస్క్ లేకుండా ఆన్ చేసి ట్రయాంగిల్ నొక్కితే డీవీడీ ప్లేయర్ వెర్షన్ కనిపిస్తుంది. స్లిమ్‌లన్నిటికీ కలిపి ఒక ఐఎస్ఓ (డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) ఉంది, కానీ కన్సోల్ భాష ఇంగ్లిష్‌లో ఉండాలి. వేరే భాష ఉంటే నల్ల తెర మీద ఆగిపోతుంది. డీవీడీ ప్లస్ ఆర్ కాదు, డీవీడీ మైనస్ ఆర్ తీసుకోండి. ఆ ఐఎస్ఓని మీ రైటర్ ఇచ్చే అతి తక్కువ స్పీడులో రాసి, ఫైనలైజ్ చేయండి (డిస్క్‌ని ముగించి మూసేయడం). కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్ల ఉప్పుగాలికి లెన్స్ మసకబారి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడిస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. లేజర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పమని వీడియోల్లో చెప్తారు గానీ, అది ఏదీ కుదరనప్పుడు ఆఖరి దారి.

డిస్క్ చదివితే యూలాంచ్‌ఈఎల్‌ఎఫ్ అనే ఫైల్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఇందులో సరే అనడానికి సర్కిల్. ఎక్స్ నొక్కితే ఫైలుకి గుర్తు పడుతుందంతే. ఇది తెలియక పాడైందనుకుంటారు. ఇక ప్రతిసారీ డీవీడీ పెట్టకుండా మెమరీ కార్డు నుంచే లోపలికి వెళ్లడానికి ఓపెన్‌ట్యూనా అనేది ఉంది. దాని ఇన్‌స్టాలర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ‘మాస్’ అనే ఫోల్డర్‌లోంచి నడపండి. పెన్‌డ్రైవ్ పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్, ఫార్మాట్ ఫ్యాట్32 అయి ఉండాలి. జీపీటీ అయితే ఖాళీగా చూపిస్తుంది. ఓపెన్‌ట్యూనా ఫోల్డర్‌ని చేత్తో కాపీ చేస్తే పని చేయదు. పీఎస్2 సొంత మెనూ అయిన బ్రౌజర్‌లో దాని ఐకాన్ అన్నిటికన్నా ముందుండేలా ఫోల్డర్ తేదీని ఇన్‌స్టాలరే అమరుస్తుంది. రాస్తున్నప్పుడు కరెంటు పోతే కార్డు పాడవుతుంది, కాబట్టి ఇన్వర్టర్ లైన్ మీద చేసుకోండి. చవక 64, 128 ఎంబీ కార్డుల కంటే పాత 8 ఎంబీ సోనీ కార్డే నమ్మకం. ఆ తర్వాత ఆన్ చేసి, బ్రౌజర్‌లో మెమరీ కార్డు తెరిస్తే చాలు, హోమ్‌బ్రూలోకి (సోనీవి కాని సొంత ప్రోగ్రాముల్లోకి) వెళ్తుంది.

ఇక ఆటలకి ఓపెన్ పీఎస్2 లోడర్, అందరూ ఓపీఎల్ అంటారు. మీ దగ్గరున్న డిస్కుల్ని పీసీలో ఐఎస్ఓలుగా తీసి, మామూలువి డీవీడీ ఫోల్డర్‌లో, అడుగు నీలంగా ఉండేవి సీడీ ఫోల్డర్‌లో పెట్టాలి. అందరూ మొదట పెన్‌డ్రైవ్‌తోనే మొదలుపెడతారు, అక్కడే విసుగొస్తుంది. పీఎస్2 యూఎస్‌బీ 1.1. సెకనుకి 12 మెగాబిట్లు, అంటే కాగితం మీద ఒకటిన్నర ఎంబీ, చేతికొచ్చేది అంతకంటే తక్కువ. డీవీడీ డ్రైవ్ 4ఎక్స్‌లో అయిదు ఎంబీ పైనే ఇస్తుంది. ఆట ఆ వేగం చూసుకుని రాసింది కాబట్టి కథ వీడియోల్లో మాట తెగుతుంది, బొమ్మ ఆగుతుంది. పెన్‌డ్రైవ్ ఖరీదైనదైనా తేడా ఉండదు.

స్లిమ్ వెనక లాన్ పోర్టు 100 మెగాబిట్లది. దాన్ని వాడండి. పీసీకి నేరుగా వైరు లాగి, పీఎస్2కి 192.168.1.10, పీసీకి 192.168.1.5, మాస్క్ 255.255.255.0, పోర్టు 445, ఆటలున్న ఫోల్డర్‌ని పీసీలో షేర్ చేసి, షేర్ పేరు ఓపీఎల్‌లో రాసినదే పెట్టండి. అయినా కలవకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఓపీఎల్‌కి ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షనే తెలుసు, కొత్త విండోస్‌లో అది మూసి ఉంటుంది. మూయడానికీ కారణముంది. 2017లో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ పాకింది ఆ దారినే. ఇంటి పీసీలో తెరిచి ఇంటర్నెట్‌కి వదలడం నాకు నచ్చదు. పాత రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతి సైజు కంప్యూటర్) మీద సాంబా అనే ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ వేసి, కనీస ప్రోటోకాల్‌ని ఎన్‌టీ1గా (అదే ఎస్ఎంబీ మొదటి వెర్షన్) పెట్టి, దాన్ని కన్సోల్‌కి మాత్రమే కలపడం మేలు.

ఏదైనా ఆట లోగో దగ్గరే ఆగితే ఓపీఎల్‌లో కంపాటిబిలిటీ మోడ్ 1 పెట్టి చూడండి, తర్వాత 2, 3. ఒకేసారి అన్నీ ఆన్ చేస్తే ఏది పని చేసిందో తెలీదు. వీడియో దగ్గర ఇరుక్కుంటే మోడ్ 4, అది వీడియోల్ని దాటేస్తుంది.

లినక్స్ కూడా ఎక్కుతుంది. సోనీ తానే 40 జీబీ హార్డ్‌డిస్క్, కీబోర్డు, మౌస్‌తో కిట్ అమ్మింది గానీ అది లావు మోడల్‌కే. స్లిమ్‌లో కెర్నెల్‌లోడర్ అనే హోమ్‌బ్రూతో పెన్‌డ్రైవ్ నుంచి నడపాలి. ర్యామ్ మొత్తం 32 ఎంబీ, పెంచే దారి లేదు. అక్షరాల తెర, యూఎస్‌బీ కీబోర్డు, షెల్, అంతవరకే. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగా) యూఎస్‌బీ మీద పెడితే అదే 1.1 వేగం, వెబ్ బ్రౌజర్ ఊసెత్తకండి. సరదాకి ఒక ఆదివారం చాలు.

అన్నీ కుదిరాక ఓపెన్‌ట్యూనాని రెండో మెమరీ కార్డులో కూడా వేసుకోండి. కార్డు పోతే డీవీడీతో మళ్లీ లోపలికి వెళ్లొచ్చు, కానీ లేజర్ పోయాక ఆ డీవీడీ అక్కరకి రాదు.