వారానికి రెండు రాత్రుల కోసం సైకిల్ లైటు

నేను రోజూ రాత్రిపూట తొక్కేవాణ్ణి కాదు. వారానికి ఒకటి రెండుసార్లు విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డు మీదుగా సాగర్‌నగర్ దాకా వెళ్లొస్తాను. అంతమాత్రానికి లైటెందుకని ఫోన్ టార్చితోనే నెట్టుకొచ్చాను. ఒకరోజు తెన్నేటి పార్కు దాటాక, రోడ్డు పక్కన ఆపిన ఆటో దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు. బ్రేకు పడింది కాబట్టి సరిపోయింది. ఇంట్లో చెబితే నాన్న నవ్వారు. "మా రోజుల్లో లైటు లేకుండా దొరికితే పోలీసులు టైర్లో గాలి తీసేసేవాళ్లురా. అందుకే చక్రం తిరిగితే లైటు వెలిగించే డైనమో పెట్టించుకునేవాళ్లం."

డైనమో సంగతి సరే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో చేతికి ఊడొచ్చేదేదీ నిలవదు. బెల్లు అలాగే పోయింది. కాబట్టి దిగగానే తీసి జేబులో వేసుకునే లైటే కావాలి.

మొదట 150 రూపాయలకి బటన్ సెల్‌తో వెలిగే రబ్బరు లైట్ల జత కొన్నాను. అవి మనం ఎదుటివాళ్లకి కనబడటానికే, మనకి రోడ్డు కనబడటానికి కాదు. వీధి దీపాలు లేని చోటికి వెళ్లాక గానీ ఆ తేడా తెలియలేదు. పైగా ఓసారి బ్యాగులో స్విచ్ దానంతటదే నొక్కుకుపోయి, సాయంత్రానికి సెల్ ఖాళీ.

తర్వాతిది అయిదొందలు. డబ్బా మీద వెయ్యి ల్యూమెన్లని (వెలుగు ఎంతో చెప్పే లెక్క) రాశారు, నేను నమ్మేశాను. వెలుగు మాట అటుంచి, దాని ప్లాస్టిక్ క్లాంపుతోనే నా గోలంతా. హ్యాండిల్ మధ్యలో లావు, గ్రిప్పుల దగ్గర సన్నం. సన్నటి చోట బిగిస్తే ప్రతి స్పీడు బ్రేకరుకీ తల వాల్చేసేది. ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలోనే స్క్రూ తుప్పు పట్టింది.

మూడోసారి షాపాయన అన్నాడు: "ల్యూమెన్లు కాదు బాబూ, ఏ మోడులో ఎంతసేపు వెలుగుతుందో చూడండి." ఏడొందలకి, రబ్బరు పట్టీతో, 300 ల్యూమెన్ల టైప్-సి లైటు తీసుకున్నాను. స్క్రూ లేదు, తుప్పు లేదు. ఫుల్లు మోడులో గంటన్నర వస్తుంది, నాకు గంట చాలు. మొదటిరోజు తిన్నగా ముందుకి పెడితే ఎదురొచ్చిన స్కూటరాయన "ఏటి బాబూ, కళ్లు పోగొడతావా ఏటి!" అని అరిచాడు. అప్పట్నుంచి కిందికి వంచి కడుతున్నాను.

వెనక ఎర్ర లైటు 250. సీటు కింది రాడ్డుకి కట్టి నెలరోజులు నిశ్చింతగా తిరిగాను. వెనకాల వచ్చిన స్నేహితుడు చెప్పాకే తెలిసింది, క్యారేజీ మీది బ్యాగు దాన్ని పూర్తిగా కప్పేస్తోందని! ఇప్పుడు క్యారేజీ చివరే కడుతున్నాను. బాగోలేవని పీకేసిన పెడల్ రిఫ్లెక్టర్లు కూడా వెతికి మళ్లీ బిగించాను. అవి పైకీ కిందికీ ఆడుతుంటే వచ్చేది సైకిలని దూరం నుంచే తెలుస్తుంది.

మొన్న తిరిగొచ్చి లైట్లు రెండూ జాగ్రత్తగా తీసి పైకి తెచ్చుకున్నాను. పొద్దున చూస్తే సీటు కవరు లేదు.