మామిడి సీజన్ రాకముందే మా ఫ్యాక్టరీలో జీరో ట్రస్ట్: నా అనుభవం

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కంప్యూటర్ల బాధ్యత నాది. జూన్, జూలైల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరతాయి. కాటా దగ్గర రాసుకున్న బరువు అకౌంట్స్‌కు, అక్కడి నుంచి డబ్బు రైతు ఖాతాకు వెళ్తుంది. మధ్యలో ఎవడైనా ఒక్క ఖాతా నంబరు మార్చాడంటే ఒక ఇంటి ఏడాది కష్టం గల్లంతే. లోపలివాళ్ళనైనా సరే గుడ్డిగా నమ్మకుండా ప్రతిసారీ సరిచూసే జీరో ట్రస్ట్ పద్ధతి వైపు నన్ను నడిపించింది ఆ భయమే.

అప్పటికి మాకు బయటి నుంచి వచ్చే రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్, దూరం నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రావడానికి వీపీఎన్ ఉన్నాయి. బయటివాళ్ళను ఆపితే చాలు, లోపలికొచ్చిన ప్రతివాడూ మనవాడే అన్నది పాత పద్ధతి. కాటా కంప్యూటరు, సీసీ కెమెరాలు, ఆఫీసు వైఫై, అకౌంట్స్ సర్వరు అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉండేవి. 2010లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తూ, జీరో ట్రస్ట్ ఆలోచనను ముందుకు తెచ్చిన జాన్ కిండర్‌వాగ్ తప్పుబట్టింది ఈ ధీమానే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ జీరో ట్రస్ట్ మీద 2020 ఆగస్టులో విడుదల చేసిన 800-207 పత్రం చదివాక నాకు దారి కనిపించింది. ఎక్కడి నుంచి వచ్చారని కాదు, ఎవరు, ఏ పరికరంతో, దేనికోసం అడుగుతున్నారో ప్రతిసారీ చూడాలి.

ఒక సెక్యూరిటీ పెట్టె కొంటే అంతా అయిపోతుందని చెప్పేవాళ్ళు చాలామందే వచ్చారు. నేను మాత్రం ముందు ఎవరు ఏ ఫైలు తెరవాలో కాగితం మీద రాయడం మొదలుపెట్టా. అందులోనే సగం పని తేలిపోయింది. సీజన్ అయ్యాక మానేసినవాళ్ళ లాగిన్లు ఇంకా పనిచేస్తున్నాయి. మెషిన్లు సర్వీసు చేసే కంపెనీకి ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే రిమోట్ దారి ఉంది, దానికి అందరూ వాడే ఒకటే పాస్‌వర్డ్.

పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా కొట్టాలన్నప్పుడు అకౌంట్స్ చూసే పెద్దాయన నొచ్చుకున్నారు. ‘ఏం నాయనా, ఇన్నేళ్ళు చేసిన నన్నే నమ్మవా?’ అన్నారు. ఆయన్నే కూర్చోబెట్టి, ఆయన పాస్‌వర్డ్ ఆయన చేతే నా ఫోన్‌లో కొట్టించా. వైఫై లేదు, మొబైల్ డేటానే. రైతుల చెల్లింపుల జాబితా మొత్తం తెరుచుకుంది. కాసేపు చూసి, ‘ఆ కోడేదో ముందు నాకు పెట్టన్నా’ అన్నారు. కాటా దగ్గరి కుర్రాళ్ళ చేతులకు ఎప్పుడూ మామిడి సొనే, ఫోన్ వేలిముద్ర తీసుకోదు. వాళ్ళకు యూఎస్‌బీ సెక్యూరిటీ కీలు, అంటే కంప్యూటరుకు గుచ్చితే ఎవరో నిరూపించే చిన్న తాళాలు, ఇచ్చాం.

కాటా సాఫ్ట్‌వేర్ విండోస్ 7 మీద తప్ప నడవదు. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరిలోనే ఆగిపోయింది. పారేయలేం కాబట్టి ఆ కంప్యూటర్ని విడి వీలాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో వేరుచేసిన భాగం) పెట్టి, ఒక్క సర్వరుకు, ఒక్క పోర్టు (సర్వరులోకి వెళ్ళే ఒక ద్వారం) గుండా బరువు పంపడం తప్ప ఇంకేమీ చేయలేకుండా కట్టేశా. ఉన్న ఫైర్‌వాల్‌తోనే ఈ పని అయింది, దీనికి కొత్తగా ఖర్చు పెట్టలేదు. సర్వీసు కంపెనీకి ఇప్పుడు వాళ్ళు అడిగినప్పుడే, ఇంజనీరు పేరు మీద, పని జరిగేంతసేపే దారి తెరుస్తాం. తిరుపతి ఆఫీసు వాళ్ళకు వీపీఎన్ తీసేసి ఎవరికి కావాల్సిన అప్లికేషన్ వాళ్ళకే ఇచ్చాం. ఫోన్లు మోగింది ఆ వారంలోనే, ‘నాకు ఫలానా ఫోల్డరు కనపడలేదు’ అని. ఆ ఫోల్డరుతో మీకేం పని అని అడిగితే చాలామంది దగ్గర జవాబు లేదు.

రైతు ఖాతా నంబరు మార్చాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి, రైతుకు ఫోన్ చేసి అడగాలి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మార్పు ఇదే. ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్లు రాసుకునే లాగ్‌లు 180 రోజులు దాస్తున్నాం. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు అదే చెబుతున్నాయి, దాడి జరిగితే 6 గంటల్లోపు తమకు తెలపాలని కూడా.

సీసీ కెమెరాల రికార్డరు, కోల్డ్ స్టోరేజీ సెన్సార్లు ఇంకా పాత నెట్‌వర్క్‌లోనే ఉన్నాయి. కాయ దిగేలోపు వాటినీ విడదీయాలి.