ఉల్కా బిలం దగ్గర బంగారం ఉందంటే ఏం అడగాలి

తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరికి వజ్రాల వేట మొదలైనట్టే, బంగారం ధర పెరిగినప్పుడల్లా గనుల షేర్ల వేట మొదలవుతుంది. ఆ వేటలో వినిపించే మాట ఒకటుంది: ఉల్క పడిన చోట బంగారం దొరుకుతుందని. ఇది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన మాట, అదీ సగమే నిజం.

అక్కడి విట్‌వాటర్స్‌రాండ్ ఇచ్చినంత బంగారం ప్రపంచంలో ఇంకే ప్రాంతమూ ఇవ్వలేదు. బంగారం ఉన్నది గులకరాళ్లు అతుక్కుపోయి గట్టిపడిన పొరల్లో. వాటి వయసు 270 నుంచి 300 కోట్ల ఏళ్లు. పక్కనున్న ఫ్రెడెఫోర్ట్‌లో ఉల్క పడింది 202 కోట్ల ఏళ్ల కిందట. అంటే అది పడేనాటికే అక్కడ బంగారం ఉంది. ఆ దెబ్బకు మధ్యభాగం గుమ్మటంలా పైకి ఉబ్బింది. దాన్ని ఆనుకున్న పొరలు నిట్టనిలువుగా లేచి, కొన్నిచోట్ల తలకిందులయ్యాయి. ఇంకాస్త వెలుపల అవే పొరలు లోతుకు కుంగిపోయి, ఆ తర్వాత గాలి, నీటి కోతకు దొరకకుండా మిగిలాయి. వెల్కమ్, క్లెర్క్స్‌డోర్ప్, కార్లెటన్‌విల్ గనులు ఆ గుమ్మటం చుట్టూ విల్లులా వంగి ఉండడం అందుకే. ఆ లోతే ఖర్చు కూడా. ఎంపోనెంగ్ గని దాదాపు 4 కిలోమీటర్ల లోతుకు వెళ్లింది. అక్కడ రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది.

కెనడాలోని సడ్‌బరీ వేరు. 185 కోట్ల ఏళ్ల కిందట ఉల్క దెబ్బకు కరిగిన రాతిలోంచే అక్కడ నికెల్, రాగి ఖనిజం వేరుపడింది. మన పొరుగున మహారాష్ట్రలోని లోనార్ బిలమూ ఉల్క చేసిందే, కానీ అది బంగారు గని కాలేదు.

మన జొన్నగిరి, రామగిరి బంగారానికి ఉల్కతో పని లేదు. ధార్వార్ కాలపు గ్రీన్‌స్టోన్ (పచ్చగా మారిన పాత అగ్నిపర్వత శిలల) పట్టీల్లో, లోతు నుంచి ఎగదన్నిన వేడినీరు పగుళ్లలో పలుగురాయితోపాటు వదిలిన బంగారం అది. కడప బేసిన్ (పాత రాతి పొరలు పేరుకున్న పల్లపు ప్రాంతం) నెలవంకలా ఉంది కదా అని ఎవరైనా బిలం కథ అల్లితే నమ్మొద్దు. ఆకారం ఒక్కటే సాక్ష్యం కాదు. శంకువు ఆకారంలో చీలిన రాళ్లయినా చూపాలి, మైక్రోస్కోపు కింద పలుగురాతి రేణువుల్లో సమాంతరంగా సాగే షాక్ గీతలైనా చూపాలి.

బిలం నిజమే అయినా డబ్బు పెట్టాల్సింది డ్రిల్లింగ్ లెక్క చూశాకే. ‘10 మీటర్లు, టన్నుకు 5 గ్రాములు’ అని కంపెనీ ప్రకటిస్తే, మీటరు మీటరుకూ ఎంత వచ్చిందో అడగండి. ఒక్క మీటరులో 41 గ్రాములుండి మిగతా తొమ్మిదింటిలో ఒక్కో గ్రామే ఉన్నా సగటు 5కే వస్తుంది. పలుగురాతి ఈనెల్లో (పగుళ్లు నిండి ఏర్పడిన సన్నటి పట్టీల్లో) బంగారం ముద్దలుగా ఉంటుంది కాబట్టి ఇది తరచూ జరిగేదే. బోరు ఈనెకు అడ్డంగా కాక దాని వాలు వెంటే దిగితే, మీటరు మందం కూడా పది మీటర్లుగా కనిపిస్తుంది. అందుకే అసలు మందం విడిగా రాశారా లేదా చూడాలి. నిలువునా కోసిన కోర్‌లో (బోరు నుంచి తీసిన రాతి కడ్డీలో) ఒక సగం ల్యాబ్‌కు వెళ్లినా, రెండో సగం పెట్టెలో భద్రంగా ఉండాలి. ల్యాబ్‌కు పంపే నమూనాల మధ్య బంగారమే లేని రాయినీ, గ్రేడ్ (టన్నుకు ఎన్ని గ్రాములో) ముందే తెలిసిన పొడినీ కలుపుతారు. బంగారం లేని రాయికి కూడా గ్రాములు చూపించిన బ్యాచ్‌ను మళ్లీ పరీక్షించేదాకా లెక్కలోకి తీసుకోకూడదు.