మా కుక్కకి టిక్ ఫీవర్: కడపలో నా అనుభవం

మా రాజుగాడు నాటు కుక్క. ఎండాకాలంలో ఒకరోజు సంకటి ముట్టకుండా మూలన పడుకుంటే ఎండదెబ్బేమో అనుకున్నాం, సాయంత్రానికి ముక్కులోంచి రక్తం చుక్కలుగా కారింది. చూస్తే చెవుల లోపల, వేళ్ల సందుల్లో అంతా గోమార్లే (టిక్స్, పిడుదులు అంటారే అవి). మా అవ్వ వేపనూనె పూసి, వెల్లుల్లి నూరి తినిపించమంది. ఎన్నో ఎనుముల్ని సాకిన మనిషి, ఆమె మాట నేను తీసిపారేయను. కానీ రక్తం చూశాక ఆగబుద్ధి కాలేదు, తెలిసినవాళ్ల కారు అడిగి ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి తీసుకుపోయాను.

రక్తపరీక్షలో ఎర్లికియా అని తేలింది. గోమారి కుట్టినప్పుడు ఎక్కే బ్యాక్టీరియా, తెల్ల రక్తకణాల్లో చేరుతుంది, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు రక్తం అందుకే. మందు డాక్సీసైక్లిన్, మామూలుగా 28 రోజుల కోర్సు. నాలుగు రోజులకే జ్వరం దిగి తోక ఊపుతుంది కదా, అప్పుడే మానేస్తారు చాలామంది, దయచేసి మానొద్దు. మాత్ర తిండి పెట్టాకే వేయాలి, లేకపోతే వాంతులు. పాలలో కలిపి అసలు ఇవ్వొద్దు, కాల్షియం ఆ మందును ఒంటపట్టనివ్వదు.

అవ్వ చెప్పినవన్నీ డాక్టర్‌ని అడిగాను, ఆయన విసుక్కోకుండా చెప్పాడు. వెల్లుల్లి, ఉల్లి రెండూ కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, అసలే రక్తం తగ్గిన దానికి ఇంకా ప్రమాదం. వేపనూనె కుక్క నాకేస్తుంది, దాన్ని నమ్ముకుని గోమార్ల మందు మానకూడదు. మనం వేసుకునే ఒళ్లునొప్పుల మాత్రలైతే చిన్న ముక్క కూడా వద్దు.

అలాగని అవ్వ పనేం లేదని కాదు. మందు జబ్బును చంపింది గానీ, రాజుగాణ్ణి మళ్లీ లేపి తినిపించింది ఆమే. ఉప్పు, ఉల్లి లేకుండా కోడిమాంసం ఉడికించిన నీళ్లలో మెత్తటి అన్నం పిసికి చేత్తో పెట్టేది, మధ్యాహ్నం తడి గోనెపట్టా పరిచేది, పొద్దున్నే ఒళ్లంతా తడిమి గోమార్లు ఏరేది. హోలిస్టిక్ వైద్యం, అంటే అన్నివైపులా చూసుకునే వైద్యం అంటారే, దానికి నాకు అర్థమైంది ఇదే, మందుతో పాటు తిండి, చోటు, కనిపెట్టుకుని ఉండే మనిషి.

ఇంకో మాట, గోమార్లు గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో. మేము వసారా పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చాం. గోమార్ల మాత్ర ఏది, ఎన్నాళ్లకోసారి అన్నది మాత్రం మీ కుక్క బరువు చూసి డాక్టరే చెప్పాలి. కోర్సు అయ్యాక ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించండి, మేము చూపించాం, పెరిగాయి.