మానేసే వీలుంటేనే పనికి పంపండి

మా అబ్బాయికి పద్నాలుగు నిండాయి. శని, ఆదివారాల్లో పూటకి మూడు గంటల చొప్పున ఒక పుస్తకాల షాపులో పనిచేస్తున్నాడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి చుట్టాల్లో కొందరు "ఇప్పట్నుంచే ఎందుకు, చదువు పాడవుతుంది" అంటున్నారు. ఇంకొందరు "మంచిదే, డబ్బు విలువ తెలుస్తుంది" అంటున్నారు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. నేను మాత్రం అన్నిటికంటే ముందు ఒకటి చూస్తాను: వద్దనుకుంటే వాడు రేపే మానేయగలడా?

పని చేయక తప్పని పిల్లాడూ పార్ట్ టైమ్ చేసే పిల్లాడూ ఒకే రకం పెట్టెలు మోయొచ్చు, ఒకే రకం అరలు సర్దొచ్చు. కానీ మొదటివాడి జీతం రాకపోతే ఇల్లు గడవదు. జ్వరం వచ్చినా వెళ్లాలి, యజమాని తిట్టినా పడాలి. అలాంటి ఇంట్లో తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. అక్కడ సాయం అందాల్సింది ఆ ఇంటికి. అవసరం లేని ఇళ్లలో మాత్రం, "ఒకసారి చేరాక మధ్యలో మానకూడదు, మాట పోతుంది" అని పిల్లల్ని కట్టిపడేయడం నాకు నచ్చదు.

వయసు సంగతి చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం ఉద్యోగానికి కనీస వయసు 15 అంటూనే, 13 దాటిన వాళ్లకి ఆరోగ్యం చెడని, బడికి అడ్డురాని తేలికపాటి పనిని దేశాలు అనుమతించవచ్చంది. ఆర్థికంగా వెనకబడ్డ దేశాలకి ఈ వయసులు 14, 12. చట్టాలు దేశానికొక రకంగా ఉంటాయి కాబట్టి మీరున్న చోట ఏముందో ముందు చూసుకోండి. గంటల్లోనూ తేడా ఉంది. బడి నడిచే వారంలో బ్రిటన్ 12 గంటలు దాటనివ్వదు. అమెరికా 14, 15 ఏళ్ల వాళ్లకి 18 వరకూ ఒప్పుకుంటుంది. నాకు ఆ 12 కూడా ఎక్కువే అనిపించింది. ఈ వయసులో రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పైగా యవ్వనం మొదలయ్యాక పిల్లలకి రాత్రి తొందరగా నిద్ర పట్టదు, పొద్దున బడి టైమ్ మాత్రం మారదు. ఇక పనికి గంటలు ఎక్కడి నుంచి తెస్తాం? నిద్రలోంచే.

వారానికి 20 గంటలు దాటి పనిచేసే పిల్లలు చదువులో వెనకబడటం అమెరికా పరిశోధనల్లో 1980ల నుంచీ కనబడుతోంది. చదువు మీద మనసు లేని వాళ్లే ఎక్కువ గంటలు చేస్తున్నారా, గంటల వల్లే మనసు పోతోందా అన్నది ఇంకా వాదనే. తల్లిగా నాకు రెండూ టెన్షన్ పెట్టేవే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. నేను ఒక పెద్ద స్టోర్‌లో షిఫ్టులు వేస్తాను. ఎవరైనా రాకపోతే సూపర్‌వైజర్ ముందు ఫోన్ చేసేది కాదనలేని వాళ్లకి. వాళ్లు సాధారణంగా అందరికంటే చిన్నవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు. "ఇవాళొక్కరోజు", "ఒక్క గంటే" అంటూ మొదలవుతుంది. ఆ పైన అదే అలవాటుగా మారిపోతుంది.

మావాడికీ ఆ ఫోన్ వచ్చింది, లెక్కల పరీక్షకి ముందు రోజు సాయంత్రం. "చూసి చెప్తాను అంకుల్" అని పెట్టేసి నా దగ్గరికొచ్చాడు. "అమ్మా, నువ్వు చెప్పవా?" చెప్పనన్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ప్రాక్టీస్ చేశాడు. మొదట పెద్ద కథ అల్లాడు, కడుపునొప్పి అన్నాడు, తరవాత అదంతా తీసేశాడు. చివరికి, "అంకుల్, రేపు పరీక్ష ఉంది, ఇవాళ రాలేను" అన్నాడు. ఆయన "సరే బాబూ, బాగా రాయి" అన్నారట. వాడి ముఖం చూడాలి అప్పుడు! అబద్ధం ఆడకుండా, గొడవ పడకుండా ఒక పెద్దాయనకి కాదని చెప్పడం వాడికి బడిలో ఎవరు నేర్పుతారు?

ఇంకో మంచి కూడా చూశాను. ఒక పెద్దావిడ వచ్చి పేరు గుర్తులేని పుస్తకం అడిగిందట. నీలం అట్ట, మీద పడవ బొమ్మ, అంతే. అరలన్నీ వెతికి పట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అదే కబురు. అమ్మానాన్నా, టీచర్లూ కాని ఒక మనిషికి తను పనికొచ్చాడన్న సంతోషం అది. మార్కులతో వచ్చే సంతోషం వేరు, ఇది వేరు.

డబ్బు వాడిది. ఖాతా వాడి పేరు మీదే ఉంది, సంతకం మాది. దేనికి ఖర్చు పెట్టావని అడగం.

సెలవులకి పూర్తి రోజులు రమ్మని షాపాయన అడిగారు. మావాడు ఎగిరి గంతేశాడు. నేను ఆయనతో మాట్లాడి ఒక పూట చాలన్నాను. వారం షిఫ్టులు ముందే చెప్పాలనీ, షాపు మూసే వేళ వాణ్ణి ఒంటరిగా కౌంటర్‌లో ఉంచొద్దనీ అడిగాను. ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే మాన్పించేదాన్ని.

మొన్న మా చెల్లెలు తన పదమూడేళ్ల కూతురు సైకిల్ మీద పార్సిళ్లు ఇచ్చే పనికి వెళ్తానంటోందని సలహా అడిగింది. వద్దన్నాను. ట్రాఫిక్‌లో, తెలియని ఇళ్ల గుమ్మాల ముందు, పక్కన పెద్దవాళ్లెవరూ లేకుండా చేసే పని అది. ఒక ఏడాది ఆగమన్నాను. నలుగురి మధ్య, లోపల ఉండి చేసే పని దొరికితే అప్పుడు ఇద్దరం కలిసి వెళ్లి ఆ యజమానితో మాట్లాడదామన్నాను.