సరి సంఖ్యలు, బేసి సంఖ్యలు

మా వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంచికకు ఒక జ్ఞాపకం రాసి పంపమని సంపాదకవర్గం నుంచి ఉత్తరం వచ్చిన రోజున, చాలా ఏళ్లుగా తెరవని ఒక పెట్టెలోంచి మొదటి సంవత్సరపు ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు చెప్పే శాస్త్రం) రికార్డును బయటికి తీశాను. దాని అట్ట ఊడిపోయింది, గ్రాఫు కాగితాలు గోధుమరంగుకు తిరిగాయి, మాకు ఆ పాఠం చెప్పిన మేడం ఎర్రసిరాతో పెట్టిన గుర్తులు మాత్రం నిన్న పెట్టినట్టే ఉన్నాయి. శవచ్ఛేదన శాలలో గడిపిన మొదటి రోజు గురించీ, వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, ముందటి రాత్రుల గురించీ ఈ సంచికలో రాసేవారు ఎలాగూ ఉంటారు. నేను మాత్రం మా చేత అంకెలు వేయించిన పద్ధతి గురించి, ఒక అంకెను చూడగానే అది ఎలా పుట్టిందో మేడం పసిగట్టిన తీరు గురించి రాయాలనుకుంటున్నాను.

మొదట నేర్పింది నాడి చూడడం. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు మణికట్టు దగ్గర బొటనవేలి వైపున్న ధమని మీద ఆనించాలి. మన బొటనవేలిని వాడకూడదు, ఎందుకంటే దానిలోని ధమని కొట్టుకోవడం మనకే తెలుస్తూ, రోగి నాడి అనుకుని మన నాడినే లెక్కించుకునే ప్రమాదం ఉంది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా నిమిషం దగ్గర వచ్చింది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తేలిపోయేదానికి పూర్తి నిమిషం ఎందుకని మా బెంచీలో గొణుగుడు మొదలైంది. 1707లోనే జాన్ ఫ్లోయర్ అనే ఇంగ్లండు వైద్యుడు నాడి చూడడం కోసం ప్రత్యేకంగా ఒక నిమిషం నడిచే గడియారాన్ని వాడుకలోకి తెచ్చాడని, మీ చేతికి అంతకంటె మంచి గడియారమే ఉందని మేడం అన్నారు. ఆ తరువాత అసలు కారణం చెప్పారు. పదిహేను సెకన్లలో ఒక్క స్పందన పొరపడితే నిమిషానికి నాలుగు పొరపడినట్టు. పైగా లయ తప్పిన నాడిలో ఏ పదిహేను సెకన్లూ మరో పదిహేను సెకన్లలా ఉండవు. గుండె పై గదులు క్రమం లేకుండా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కొన్ని స్పందనలు మణికట్టు దాకా చేరనే చేరవు కనుక, ఒకరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, మరొకరు మణికట్టు పట్టుకుని, ఒకే నిమిషం లెక్కిస్తే ఇద్దరికీ రెండు సంఖ్యలు వస్తాయి. వైద్యుడికి కావలసింది ఆ రెండింటి మధ్య తేడాయే.

తరువాతి వారాలన్నీ రక్తపోటుకే సరిపోయాయి. పాదరసం పరికరాల చుట్టూ ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి బీపీ ఒకరం చూసుకుని రికార్డులో రాసి ఇచ్చాం. మర్నాడు మేడం రికార్డుల దొంతర బల్ల మీద పెట్టి, "135, 125, 85, 75 — ఐదుతో ముగిసే అంకె రాసినవాళ్లు లేచి నిలబడండి" అన్నారు. సగం తరగతి లేచింది. అప్పుడు ఒక పరికరాన్ని ముందు బెంచీ మీద పెట్టి, గాజు గొట్టం పక్కనున్న గీతలను దగ్గరగా వచ్చి చూడమన్నారు. గీతకూ గీతకూ మధ్య రెండు మిల్లీమీటర్లు. 134 ఉంది, 136 ఉంది, 135కు గీతే లేదు. లేని గీత మీద పాదరసాన్ని నిలబెట్టిన ఘనులం మేము. ఆ రోజు నవ్వులపాలైన మాట నిజమే కానీ, చూసి రాసిన సంఖ్యకూ అనుకుని రాసిన సంఖ్యకూ రూపంలోనే తేడా ఉండవచ్చునన్న సంగతి నాకు తెలిసింది ఆ గీతల దగ్గరే.

రక్తపోటు చూడడంలో ఉన్న ప్రతి చాదస్తానికీ ఒక కారణం ఉందని ఆవిడ ఒక్కొక్కటిగా చూపించారు. చేతికి చుట్టే పట్టీ లోపలి గాలితిత్తి చేయి చుట్టుకొలతలో కనీసం 80 శాతం పొడవు, 40 శాతం వెడల్పు ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ధమనిని నొక్కడానికి ఎక్కువ ఒత్తిడి కావలసివచ్చి, లేని రక్తపోటు కనిపిస్తుంది. చేయి గుండె మట్టానికి పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఆ పది సెంటీమీటర్ల రక్తస్తంభం బరువు కూడా లెక్కలోకి వస్తుంది. పాదరసం రక్తం కంటె ఎన్ని రెట్లు బరువో తెలిస్తే ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం మీద తేల్చవచ్చు, మా చేత తేల్పించారు కూడా. ఇక మాకు అన్నిటికంటె విసుగు తెప్పించినది, స్టెతస్కోపు పెట్టకముందే ఒకసారి నాడి పట్టుకుని పట్టీలో గాలి నింపి, నాడి ఏ అంకె దగ్గర అందకుండా పోతుందో చూడమనడం. ఆ పద్ధతి 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి ఇచ్చినది. దానితో పై అంకె మాత్రమే తెలిసేది. 1905లో రష్యా శస్త్రవైద్యుడు కొరొట్కోవ్ పట్టీ కింద ధమని మీద స్టెతస్కోపు ఆనించి శబ్దాలు వినవచ్చునని చెప్పాకనే కింది అంకె కూడా చేతికందింది. వినడం వచ్చాక పట్టుకోవడం ఎందుకని మా సందేహం. కొందరిలో, ముఖ్యంగా రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో, మొదట శబ్దం వినిపించి, నడుమ కొంత మేర పూర్తిగా ఆగిపోయి, కిందికి దిగాక మళ్లీ వినిపిస్తుంది. 190 దగ్గర మొదలైన శబ్దం 170 దగ్గర ఆగి 150 దగ్గర తిరిగి వినిపించే మనిషికి, మనం 165 దాకా మాత్రమే గాలి నింపితే 150 అని రాసి పంపించేస్తాం. చెవిని మోసగించే ఆ నిశ్శబ్దం వేళ్లను మోసగించదు.

ఇంగ్లండు మతాచార్యుడు, శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హేల్స్ సంగతి కూడా ఆ తరగతిలోనే విన్నాను. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక్క వాక్యం దక్కుతుంది. ఆయన ఒక ఆడగుర్రాన్ని కట్టి పడుకోబెట్టి, దాని ధమనిలో ఇత్తడి గొట్టం చొప్పించి, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలిస్తే, రక్తం ఎనిమిది అడుగుల మూడు అంగుళాల ఎత్తు లేచింది. 1733లో ప్రచురించిన ఈ ప్రయోగపు కొలతను పాదరసంలోకి మార్చమని మేడం మాకు పని ఇచ్చారు. రమారమి 190 మిల్లీమీటర్లు వచ్చింది. "ఇది గుర్రం రక్తపోటా?" అని అడిగారు. అవునన్నాం. "కాదు, కట్టేసి కోసిన గుర్రం రక్తపోటు" అన్నారు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషిని వెంటనే కూర్చోబెట్టి పట్టీ చుట్టే వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ గుర్రమే గుర్తుకొస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వమనే నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేకపోయింది.

సాహ్లీ పద్ధతిలో హిమోగ్లోబిన్ చూసిన వైనం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఆమ్లం కలిపిన రక్తం పూర్తి రంగు తేలడానికి పది నిమిషాలు ఆగాలి. మేము నాలుగు నిమిషాలకే గొట్టాన్ని వెలుతురుకెత్తి రంగులు పోల్చి, తరగతిలో చాలామందికి రక్తహీనత అంటగట్టాం.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది చివర మమ్మల్ని వార్డుకు పంపి, ఒక్కొక్కరికి ఆరు పడకలు అప్పగించి, నాడి, శ్వాస, జ్వరం, రక్తపోటు చూసి పట్టిక వేయమన్నారు. నాడి నేను నిజంగానే లెక్కపెట్టాను. రక్తపోటు సరి సంఖ్యల్లోనే రాశాను, ఆ దెబ్బ ఇంకా గుర్తుంది కనుక. శ్వాస దగ్గరికి వచ్చేసరికి, పెద్దవాళ్లలో నిమిషానికి 12 నుంచి 20 అని పుస్తకంలో ఉంది గదా అని, ఆరుగురికీ 18, 20, 18, 18, 20, 18 అని వేసేశాను. కాకిలెక్కలని నాకు తెలుసు. ఎవరు చూస్తారులే అనుకున్నాను. మేడం పట్టికను తలకిందులుగానే చదివి, "ఆరుగురూ కూడబలుక్కుని ఊపిరి పీలుస్తున్నారా? ఒక్కరికైనా 17 రాలేదేమ్మా?" అని అడిగారు. పూర్తి నిమిషం లెక్కపెట్టినవాళ్లకు అప్పుడప్పుడు బేసి సంఖ్య రాక తప్పదు. అరనిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసినవాళ్లకూ, అసలు లెక్కపెట్టనివాళ్లకూ మాత్రమే అన్నీ సరి సంఖ్యలొస్తాయి. బీపీలో బేసి అంకె పట్టించింది, శ్వాసలో సరి అంకె పట్టించింది.

నన్ను వెంటబెట్టుకుని నాలుగో పడక దగ్గరికి వెళ్లి, "తాతగారూ, చేయి ఇలా ఇవ్వండి" అని ఆయన మణికట్టు పట్టుకున్నారు. నాడి చూస్తున్నట్టే ఉంది, చూపు మాత్రం ఛాతీ మీద ఉంది. ఊపిరి మన ప్రమేయం లేకుండానూ నడుస్తుంది, మనం తలచుకుంటే మారనూ మారుతుంది. లెక్కపెడుతున్నామని చెబితే ఆ మనిషి ఊపిరి ఇక మామూలు ఊపిరి కాదు. అందుకే ఆ చిన్న నటన. నిమిషం గడిచాక నన్ను లెక్కపెట్టమన్నారు. నాకు 31 వచ్చింది. ఆవిడకూ అంతే వచ్చిందట. ఆ పెద్దాయనకు జ్వరం లేదు, రక్తపోటు బాగానే ఉంది, నాడి మాత్రం 104 ఉందని నేనే రాసి, ఆ పక్క గడిలోనే శ్వాస 18 అని వేశాను. ఆయన ఒక వాక్యాన్ని మూడు ముక్కలుగా చెబుతున్నాడని కూడా నేను గమనించలేదు. ఆ మధ్యాహ్నం తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా కనిపించింది. వయసు మళ్లినవారిలో జ్వరం రాకుండానే న్యుమోనియా ముదరడం అరుదు కాదని అప్పుడు తెలిసింది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత పెరిగినా, ప్రాణవాయువు బాగా పడిపోయినా మెదడు కాండంలోని శ్వాసకేంద్రానికి కబురు వెళ్లి ఊపిరి వేగం పెరుగుతుందని నేను అంతకు వారం ముందే పరీక్షలో బొమ్మతో సహా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మంచం మీది మనిషి పరిస్థితి దిగజారుతోందని చెప్పే తొలి గుర్తుల్లో శ్వాస వేగం ఒకటి. అందరూ లెక్కపెట్టకుండా నింపేసే గడి కూడా అదే.

పెద్దాయన కోలుకుని ఇంటికి వెళ్లాడు. ఆయన పట్టికను మేడం స్వయంగా దిద్దడం వల్లనే ఆ మధ్యాహ్నం ఎక్స్‌రే తీయించారు తప్ప, అందులో నా గొప్ప ఏమీ లేదు.

పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం తరువాత ఆ గాజు గొట్టాలు వార్డుల్లోంచి దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పటి యంత్రం శబ్దాలు వినదు. పట్టీలో పుట్టే అదురును కొలిచి, దాని నుంచి రెండు అంకెలనూ సూత్రం ప్రకారం లెక్కగడుతుంది. అది 135 అనీ చెబుతుంది, 137 అనీ చెబుతుంది, కనుక మా మేడం పరీక్ష దాని ముందు పనిచేయదు. నాడి లయ తప్పినవారిలో ఆ లెక్క అటూఇటూ అవుతుందని తెలిసినవాళ్లు వేళ్లతో ఒకసారి మణికట్టు పట్టుకుని చూస్తారు. శ్వాస గడిని మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ మనిషే నింపాలి. నేను తనిఖీకి వెళ్లిన వార్డుల్లో ఆ గడి నిండా 18లూ 20లూ బారులుతీరి కనిపించినప్పుడు కోపం రాదు, వేసిన చేయి ఎవరిదో నాకు బాగా తెలుసు.

నా రికార్డులో ఆ వార్డు పట్టిక ఉన్న పేజీకి అడుగున మేడం "లెక్కించి రాయుము" అని మాత్రమే రాశారు. మర్నాడు ఆరుగురి శ్వాసనూ మళ్లీ లెక్కపెట్టి పక్క పేజీలో వేశాను: 17, 21, 16, 28, 19, 15. దాని కింద ఆవిడ సంతకం ఉంది. మొదటి పేజీలో సంతకం ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది.