నీ ప్రశ్న నువ్వే అడుగు డాడీ

"అది నీ క్వశ్చన్ కదా డాడీ. నువ్వే అడుగు."

అని పెన్సిల్ పక్కన పడేసి మా అమ్మాయి ఫ్రిజ్ వైపు వెళ్లిపోయింది. పదేళ్ల పిల్ల. నేను ఆ కాగితం పట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర అలాగే కూర్చుండిపోయాను.

సంగతేమిటంటే, ఇక్కడ ఇంగ్లండ్‌లో మా పిల్ల స్కూల్లో బ్రిటన్ ప్రధానమంత్రికి ఉత్తరం రాయమన్నారు. ఒక్కటే ప్రశ్న అడగాలి. మా పిల్ల అడిగింది ఇదీ: స్కూలు గేటు ముందు ఫుట్‌పాత్ మీదికి కార్లెక్కించి ఆపుతున్నారు, చిన్నపిల్లల బండ్లు తోసుకొచ్చేవాళ్లు రోడ్డు మీదికి దిగాల్సి వస్తోంది, మీరేం చేస్తారు? చదివి నవ్వొచ్చింది. ప్రధానిని అడగాల్సిన ప్రశ్నా ఇది, కౌన్సిల్ వాళ్లు చూసుకుంటారు కదా అన్నాను. లండన్‌లో 1974 నుంచి అలా ఆపడం నిషేధమట, మిగతా ఇంగ్లండ్ మొత్తానికి అలాంటి నిషేధం లేదట, కాబట్టి అడగాల్సింది ప్రధానినేనట. టీచర్ చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. పైగా, అక్కడ ఫుట్‌పాత్ ఎక్కే కార్లలో మాదీ ఒకటని గుర్తు చేసింది. అక్కడితో నోరు మూసుకుని ఉంటే మర్యాద దక్కేది.

ఊరుకోలేదు. "ఇది సరే, ఇంకో ఉత్తరం రాయి. మన ప్రధానమంత్రికి. నల్లగొండ నీళ్ల గురించి అడుగు" అన్నాను. మన అంటే ఎవరని అడిగింది. ఇండియా అన్నాను. నీళ్లకేమైంది అంది. ఇంకేం, ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాను. అంతా విని ఆ పిల్ల అన్న మాటే పైన రాసింది.

ఆ ఇరవై నిమిషాల్లో ఏముందో మా వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మాది మర్రిగూడ దగ్గర ఊరు. భూమి లోపలి రాతిలోంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా బోరింగుల్లో అంతకు ఎన్నో రెట్లుండేది. పిల్లల పళ్లు గారపడతాయి. ముదిరితే ఎముకలు వంకర్లు పోతాయి, వెన్ను బిగుసుకుపోతుంది. పటికతో, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తయారు చేసి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల్లోనూ వాడారు. మా జిల్లా పేరు అంత దూరం పోయింది, మేం మాత్రం అదే బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డాం.

ఇంత చెప్పినవాణ్ని ఒక్క విషయం దాచాను. నా పళ్లు. పెళ్లికి ముందు ఫోటోల్లో నేనెక్కడా నోరు తెరిచి నవ్వలేదు. ఒక్క ఫోటో దొరికిపోయింది, ఇంటర్‌లో తీసింది. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు. మూడేళ్ల కింద మా అమ్మాయి అది చూసి, "నీ టీత్ ఏంటి ఇలా ఉన్నాయి?" అంటే, "పాత ఫోటో కదా, రంగు పోయింది" అన్నాను. ఫోటోలో చొక్కా తెల్లగానే ఉంది. పిల్ల ఏమీ అనలేదు. ఇక్కడికొచ్చాక నా మొదటి పొదుపంతా ఆ ఆరు పళ్లకు తొడుగులు వేయించడానికే అయిపోయింది. ఆ డబ్బుతో అమ్మకు మోకాళ్లు చూపించొచ్చు. చూపించలేదు.

ఇంకో తమాషా. మేముండేది బర్మింగ్‌హామ్. ఈ ఊళ్లో 1964 నుంచి కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కావాలనే కలుపుతారు, పిల్లల పళ్లు పుచ్చిపోకుండా, లీటరుకు ఒక మిల్లీగ్రామ్ చొప్పున. ఆ మోతాదులో అది మేలే చేస్తుందని నాకు తెలుసు, చదువుకున్నవాణ్నే. అయినా ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆరు నెలలు సీసా నీళ్లు మోసుకొచ్చాను. "నల్లగొండ నుంచి పారిపోయి దాని దగ్గరికే వచ్చారు" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పిల్ల "నువ్వే అడుగు" అన్న రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఎవరినైనా ఏమైనా అడిగానా అని లెక్క చూసుకున్నాను. ఇండియా పాస్‌పోర్టు ఉన్నన్నాళ్లూ పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టొచ్చు. పెట్టలేదు. ఊరికెళ్లి ఓటెయ్యొచ్చు. ఎన్నికలకని ఏనాడూ టికెట్ కొనలేదు. అదే పాస్‌పోర్టుతో ఇక్కడ మాత్రం, కామన్‌వెల్త్ పౌరులకు హక్కుంది కాబట్టి, బుద్ధిగా వెళ్లి ఓటేసి వచ్చాను. తర్వాత ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాను. సమాచార హక్కు పౌరులకే. అంటే అడిగే హక్కున్నప్పుడు అడగలేదు, అది పోయాక పిల్ల చేత అడిగిద్దామని బయల్దేరాను. ఆ పిల్ల ఏనాడూ అక్కడి పౌరురాలే కాదు.

ఇంట్లో మాత్రం ప్రశ్నలంటే నాకు పడదు. ఎనిమిదింటికే ఎందుకు పడుకోవాలి, శనివారం తెలుగు క్లాసుకు ఎందుకు పోవాలి, అక్కడ 'వచ్చారు' అని నేర్పితే నానమ్మ 'వచ్చిండ్రు' అంటుందేం, ఏది రైటు? అన్నింటికీ నా జవాబు ఒకటే: ఎదురు మాట్లాడకు. ప్రధానిని నిలదీయాలి గానీ నాన్నను నిలదీయకూడదు.

ఆగస్టులో ఊరికెళ్లాం. ఆ పిల్ల ఒక నోటుబుక్కు పట్టుకుని బయల్దేరింది. ప్రధానమంత్రి కనిపిస్తే ఏమడుగుతారు, ఒక్కటే చెప్పాలి. ఇది నేను చెప్పింది కాదు, తనకే తోచింది.

పక్కింటి మామ పత్తి రైతు. "ఢిల్లీల క్వింటాలుకు ఎనిమిది వేల నూటపది అంటరు. ఈడికొస్తే తేమ అంటరు. ఎనిమిది శాతం దాటితే కోత, పన్నెండు దాటితే తీస్కపో అంటరు. వాన పడ్తే పత్తి తడువదా? గదడుగు" అన్నాడు. మా పిల్ల 'తేమ' ఎలా రాయాలో నన్నడిగింది. ఎదురింటి ముసలమ్మ పింఛను పెంచమని అడగమంది. అది ముఖ్యమంత్రిని అడగాలి అని నేను కల్పించుకుంటే, "ఎవలైతే ఏంది, ఇచ్చెటోన్ని అడుగు బిడ్డా" అని పిల్లకే చెప్పింది, నా వైపు చూడకుండా.

నాగర్‌కర్నూల్ నుంచి మా బావ వచ్చాడు. ఆయనకు ఒక్క ప్రశ్న చాలదు. గద్వాల–మాచర్ల రైలు ఎప్పుడు, పాలమూరు ఎత్తిపోతలకు జాతీయ హోదా ఎందుకివ్వరు, ఇంకా రెండు. ఒక్కటే రాస్తానని పిల్ల మొండికేసింది. ఆయన అలిగి లేచి, గడప దాకా పోయి, వెనక్కొచ్చాడు. "ఒక్కటే అంటే, సొరంగంల ఇరుక్కున్న ఎనిమిది మంది సంగతి రాయి." 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది కదా, అది. శ్రీశైలం నుంచి మా నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్వుతున్న సొరంగం. ఎక్కడెక్కడి నుంచో పనికొచ్చిన మనుషులు. పిల్ల రాసుకుంటుంటే బావ నిలబడి చూశాడు, తర్వాత టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఇక మా అమ్మ. నాకేం లేదు, సల్లగుండుమను అంది. పిల్ల వదల్లేదు, తాత గురించి చెప్పమంది. ఎందుకంటే నేను తాత గురించి గొప్పగా చెప్పి ఉన్నాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ ఊళ్ల మనుషులు నామినేషన్లు వేశారు, గెలవడానికి కాదు, తమ సంగతి ఢిల్లీకి వినబడ్డానికి. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. అలాంటి ఎన్నికల తర్వాత డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు, ఇప్పుడు 25,000. అడిగినదానికి ముందుగా వచ్చిన జవాబు అదే. "మీ తాత కూడా అందులో ఉన్నాడు" అని నేను చెప్పేవాణ్ని. ఓటేశాడు అన్నది నా ఉద్దేశం. పోటీ చేశాడని పిల్ల అనుకుంది. నేను దిద్దలేదు.

"ఎవలు చెప్పిండ్రు?" అంది అమ్మ. "ఆయన ఆ దినం మా అన్న బిడ్డ పెండ్లికి పోయిండు. ఓటే ఎయ్యలే."

పిల్ల నా వైపు చూసింది. పాత ఫోటో చూసిన రోజు చూసినట్టే.

పరువు నిలుపుకుందామని అంశాల స్వామి గురించి చెప్పాను. మా మండలమే, శివన్నగూడెం. ఫ్లోరైడ్‌తో కాళ్లూ చేతులూ మెలిపడి, వయసొచ్చినా చిన్నపిల్లాడంతే ఉండేవాడు. 2003లో ఢిల్లీ తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద ఉంచారు. 2023 జనవరిలో పోయాడు. ఆయన గురించి నాకు తెలిసిందంతా పేపర్లో చదివిందే. పక్క ఊరే అయినా ఒక్కసారి చూడ్డానికి పోలేదు. ఇది పిల్ల అడక్కముందే నేనే చెప్పేశాను.

మధ్యాహ్నం అమ్మ నీళ్లు తాగుతుంటే పిల్ల కన్నార్పకుండా చూసింది. అమ్మకు మెడ వెనక్కి వంగదు. గ్లాసు పట్టుకుని నడుం నుంచి పక్కకు వాలి, నోరు తెరిచి, కొంచెం కొంచెం పోసుకుంటుంది. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నానేమో, వింతగా అనిపించలేదు. "నానమ్మ అలా ఎందుకు తాగుతుంది?" అని గుసగుసగా అడిగింది. తర్వాత ఇల్లంతా తిరిగి లెక్క రాసుకుంది. అంట్లు తోమడానికి బోరు నీళ్లు. నానమ్మ తాగడానికి నల్లా నీళ్లు. మాకు షాపు నుంచి తెచ్చిన సీసాలు.

ఆ నల్లా నీళ్లు మిషన్ భగీరథవి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధానమంత్రే ప్రారంభించారు. తెలంగాణలో ఇక ఫ్లోరైడ్ ఊళ్లు లేవని 2020లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఆ నీళ్ల మీద అనుమానపడితే నేనే బర్మింగ్‌హామ్ నుంచి పెద్ద పెద్ద మెసేజ్‌లు పెడతాను, నీళ్లు మంచివే, భయపడకండి అని. అదే నేను ఊళ్లో దిగగానే చేసిన మొదటి పని, రెండు అట్టల సీసా నీళ్లు కొనడం. "నానమ్మ తాగేవి మంచివైతే మనకెందుకీ బాటిల్స్?" అంది పిల్ల. కడుపు పడదని అన్నాను. ఎవరి కడుపని అడిగింది. ఎదురు మాట్లాడకు అన్నాను.

ఆ సాయంత్రమే తను ఉత్తరం రాసింది, ఇండియా ప్రధానికి. పైన తెలుగులో 'నమస్కారం', 'స్కా' కింద వత్తు రెండుసార్లు దిద్ది. మిగతాదంతా ఇంగ్లిషులో. మా నానమ్మ ఇంట్లో మూడు రకాల నీళ్లున్నాయి, మీరు ఏ నీళ్లు తాగుతారు? అంతే. ఫ్లోరైడ్ బాధితుల పింఛను గురించి ఒక లైను కలుపు, వైద్యం గురించి ఒక లైను కలుపు అని పోరాను. "ఒక్కటే క్వశ్చన్" అని కవరులో పెట్టి అంటించేసింది.

పిల్లల ప్రశ్నలు పిల్లల్నే అడగనివ్వాలి, మన బరువు వాళ్ల నెత్తిన పెట్టకూడదు అని నాలుగు మంచి మాటలు రాద్దామనే ఇది మొదలుపెట్టాను. మా వాళ్లకు వాట్సాప్‌లో అదే చెబుతుంటాను కూడా. కానీ ఇప్పుడు రాస్తుంటే అది నిజమో కాదో తెలియడం లేదు. నేను పోరకపోతే ఆ పిల్లకు మర్రిగూడ పేరైనా తెలిసేది కాదు. ఫుట్‌పాత్ మీద కార్ల గురించి అడిగి హాయిగా ఉండేది. అది మాత్రం తప్పెలా అవుతుంది? మరి ఆ గ్లాసును, ఆ మెడను నేను చూపించలేదు, తనే చూసింది.

ఆ రాత్రి పిల్ల పడుకున్నాక నేనూ ఒక కాగితం తీసుకున్నాను. 'గౌరవనీయులైన ప్రధానమంత్రి గారికి' అని రాశాను. పంపేవారి చిరునామా దగ్గర ఆగిపోయాను. బర్మింగ్‌హామ్ అని రాస్తే ఈయనకెందుకు అంటారు. ఊరి పేరు రాస్తే అబద్ధం. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఏమైందో చూడలేదు, చొక్కా అమ్మ ఉతికేసింది.

పిల్ల కవరు మీద ఐదు రూపాయల తపాలా బిళ్ల అంటించి పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్లాం. తాళం. ఆగస్టు 15. మర్నాడు తెల్లవారుజామునే విమానం. నేను పోస్ట్ చేస్తాలే అని కవరు తీసుకున్నాను. హైదరాబాద్‌లో డబ్బా కనబడలేదు. నిజం చెప్పాలంటే వెతకలేదు. ఇప్పుడది నా లాప్‌టాప్ బ్యాగులో ఉంది. దాని మీది బిళ్ల ఇక్కడ చెల్లదు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. "పిల్ల జాబు రాసె గద, పోయిందా? ఆయన ఏమన్నడు?" అని అడిగింది.

"పోయిందమ్మా" అన్నాను. మా అమ్మాయి అక్కడే సోఫాలో కూర్చుని ఉంది.